ఎడమచేతి గుండు

జగ్గారావు పెద్దదినం నాడు వాడి సామానంతా ఇల్లు దాటిపోయింది. చొక్కాలూ పంచెలూ చాకలి మూట కట్టుకుని పోయాడు. చాప, తలగడ, పళ్లూడిన దువ్వెన, గోడకు వేలాడే అద్దం ముక్క నాగావళిలో కలిపేశారు. పెళ్లి కాకుండా, జ్వరంతో, పోకూడని వయసులో పోయినవాడి వస్తువు ఏదైనా గడప లోపల ఉండిపోతే, వాడు దానికోసం తిరిగి వస్తాడని పెద్దల మాట. అలా వచ్చినవాణ్ని కళ్లారా చూశామన్న పెద్ద ఒక్కడూ లేడు. అయినా ఆ మాట నడుస్తూనే ఉంది, పెద్దలు నడిపిస్తూనే ఉన్నారు.

మూటలు కట్టింది తల్లి అమ్మన్నమ్మే. ఒక్కటీ మరవలేదు. మంచం కింద దొరికిన బీడీ ముక్కను కూడా వేళ్లతో ఏరి మూటలో వేసింది. వచ్చినవాళ్లందరూ ఆమె గుండెనిబ్బరాన్ని మెచ్చుకున్నారు. చావింటికి వచ్చిన జనానికి మెచ్చుకోవడానికో తిట్టడానికో ఏదో ఒకటి దొరకాలి కదా.

తండ్రి సన్యాసయ్య ఆ మర్నాడే పనిలోకి వెళ్లాడు. ఏడవలేదు. మొదట్లో ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశాడు కూడా. రాదని తేలాక ఎదురుచూడడం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఇరుగుపొరుగు అతన్ని రాయి మనిషన్నారు. ఆ మాట చెవిన పడ్డా అతనికి ఏమీ అనిపించలేదు. తిమ్మిరెక్కిన కాలిని గిల్లి చూసుకున్నట్టు అప్పుడప్పుడూ కొడుకు పేరు మనసులో అనుకుని చూసేవాడు. గిల్లినట్టు తెలిసేది, నొప్పి తెలిసేది కాదు.

అమ్మన్నమ్మ మొగుణ్ని పేరు పెట్టి పిలిచే ఇంటి ఆడది కాదు. కొడుకు పుట్టిన నాటినుంచీ ఆమెకు అతను "జగ్గడి అయ్య". "జగ్గడి అయ్యా, నీల్లు తోడేను", "జగ్గడి అయ్యా, నీకు సెవుడా?" అంటూ రోజంతా ఆ పిలుపే. ఇప్పుడది కూడా మూటలతోపాటు పోయింది. "ఇదిగో" అంటోంది. "ఇదిగో, కూడు." అంతటితో సరి.

ఒకనాడు మధ్యాహ్నం కూటికి ఇంటికొచ్చిన సన్యాసయ్యకు, భార్య అటక మీది కుండలు దించి ఒక్కొక్కదాంట్లో చెయ్యి పెట్టి తడుముతూ కనిపించింది.

"ఏటి ఎతుకుతున్నావు?"

"ఏటీ నేదు."

కుండలు మళ్లీ ఎత్తిపెట్టేసింది. దిగివస్తూ గోడకున్న మేకును ఒకసారి తడిమింది. జగ్గారావు చొక్కా తగిలించే మేకు అది. తను ఒక్కటైనా మరిచిపోయి ఉండకూడదా అని ఆమె వెతుకుతోందని సన్యాసయ్యకు తెలిసింది. తెలిసినా కూర్చుని అన్నం తిన్నాడు.

ఆమె మూటకు అందనిది ఒకటి ఉంది. ఇంట్లో లేదు గనకే అది మిగిలింది. ఫ్యాక్టరీ దొరల క్లబ్బు షెడ్డులో, అర మీద, జగ్గారావు ఆడిన నల్లటి చింతకర్ర గుండు. దాని సంగతి ఆమెకు తెలియదు. చెబితే తెమ్మంటుంది, తెస్తే పెద్దలు నాగావళి దారి చూపిస్తారు. అందుకని సన్యాసయ్య చెప్పలేదు. అది దాచడమో, మొండితనమో, ఆ రోజుల్లో అతన్ని అడిగినా చెప్పగలిగేవాడు కాదు.

సన్యాసయ్య విజయనగరం దగ్గర లక్కబొమ్మలు చేసే ఇంట పుట్టాడు. బొమ్మలు కడుపు నింపకపోతే పెళ్లాంబిడ్డలతో కొండెక్కి రాయగడ వచ్చి, చేతికందిన చెక్కపనల్లా చేశాడు. స్వరాజ్యం వచ్చి పదేళ్లు కావస్తుండగా ఊరి బయట ఫ్యాక్టరీ లేచింది, అందులో వడ్రంగిగా కుదిరాడు. తెల్లదొరలు పోయారు, పీడ వదిలింది అనుకుంటుంటే, యంత్రాలు బిగించడానికి మళ్లీ తెల్లదొరలే దిగారు. వీళ్లు అధికారం చెలాయించే దొరలు కారు, చేతులకు నూనె అంటించుకునే దొరలు. సాయంత్రమైతే వీళ్లకి పొద్దుపోదు. పొద్దుపోవడానికి ఒక క్లబ్బు, అందులో ఒక ఆట పెట్టుకున్నారు.

రేకుల షెడ్డు కింద గుగ్గిలం చెట్టు పలకలు అంచుకి అంచు చేర్చి, సన్నగా పొడుగ్గా ఒక బాట పరిచారు. బాటకి రెండు పక్కలా కాలువ. చివర పది కర్ర సీసాలు నిలబెడతారు. ఇవతలినుంచి గుమ్మడికాయంత గుండును దొర్లించి ఆ సీసాల్ని పడగొట్టాలి. అంతే ఆట. కూలీలు దానికి "దొరల గోలీలాట" అని పేరు పెట్టి నవ్వుకున్నారు. పడిన సీసాల్ని నిలబెట్టి, గుండును వెనక్కి పంపే పని జగ్గారావుకి దొరికింది. వాడప్పటికే మీసం దువ్వే వయసువాడు. నిలబెట్టేవాడికి పడగొట్టాలని ఉండదా మరి! దొరలు వెళ్లిపోయాక ఆడడం మొదలెట్టాడు. కొన్నాళ్లకి దొరలతోనే ఆడాడు. బెంటన్ అనే పెద్ద ఫిట్టరు దొరకి వాడంటే ముచ్చట. ఇద్దరూ పందెం కోళ్లలా సాయంత్రాలు ఆ బాట మీదే గడిపేవారు.

క్లబ్బు గుండ్లు చేసింది సన్యాసయ్యే. ఏ మానూ అన్ని వైపులా ఒకే బరువు ఉండదు. చేవ ముదిరిన వైపు బరువు ఎక్కువ. చెక్కను గిరగిరా తిప్పే తరిమెన మీద పెట్టి నున్నగా తీసిన గుండును నీళ్ల తొట్టిలో వదిలితే, అటూ ఇటూ కాసేపు ఒళ్లు విరుచుకుని, బరువు వైపు కిందికి పెట్టుకుని నిలబడుతుంది. అడుగున చెయ్యి పెట్టి ఆ చోటు పట్టుకుని, పైకి తీసి జేగురుతో చుక్క పెడతాడు. ఇక వేళ్లకి కన్నాలు. బొటనవేలికి ఒకటి, నడిమివేలికి ఒకటి. ఆ చుక్క మీదే తొలిస్తే అక్కడి బరువు కొంత పోయి గుండు తిన్నగా వెళుతుంది. చుక్కకి పక్కగా తొలిస్తే బరువు ఒక వైపు మిగిలిపోయి, గుండు కొంత దూరం పోయాక ఆ వైపుకి ఒరుగుతుంది. కుడిచేతివాడు ఎడమకి ఒరగాలంటాడు. ఎడమచేతివాడు కుడికి.

అయితే ఆ ఒరగడం అన్ని వేళలా కనపడదు. బాట మీద నూనె రాస్తారు. నూనె తడి ఉన్నంతమేరా గుండు జారుతుందే తప్ప పట్టు దొరకదు, బరువు ఏ పక్కనున్నా ఒకటే. నూనె ఆరిన చోట పలక గుండును పట్టుకుంటుంది. అప్పుడు బయటపడుతుంది దాని గుణం. వానాకాలం నూనె ఆరదు, గుండు చివరిదాకా బుద్ధిగా పోతుంది. ఎండల్లో పలకలు నూనె తాగేస్తాయి, గుండు సగం దారిలోనే పక్కకి తిరుగుతుంది. ఇదంతా బెంటన్ దొర చేతులు తిప్పి తిప్పి చెప్పాడు, సన్యాసయ్య తొట్టిలో ముంచి ముంచి చూపించాడు. ఒకరి మాట ఒకరికి రాకపోయినా ఇద్దరికీ అర్థమైంది.

జగ్గారావుది ఎడమచేతి వాటం. తల్లికి అది కంటగింపు. చిన్నప్పుడు అన్నానికి కూర్చోబెట్టి పాత గుడ్డతో ఆ చెయ్యి నడుముకి కట్టేసేది. "నలుగురిలో పుర్రసెయ్యి సాపితే మన్ని ఏటంతారురా?" అనేది. సన్యాసయ్య కూడా ఆ చేతి మీద దెబ్బ వేసినవాడే. వాడు అన్నం కుడిచేత్తో తినడం నేర్చుకున్నాడు గాని, తక్కిన పనులన్నీ ఎడమచేత్తోనే చేశాడు. క్లబ్బు గుండ్లు తన చేతికి నప్పడం లేదని ఒకరోజు తండ్రి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"అయ్యా, నాకోటి సేసిపెట్టు. ఎడం సేతికి."

సన్యాసయ్య చేస్తున్న పని పక్కన పెట్టాడు. దారం తీసి కొడుకు ఎడమచేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. వాడు పెద్దయ్యాక ఆ చేతిని పట్టుకోవడం అదే మొదలు. బొటనవేలి కణుపు నుంచి నడిమివేలి కణుపు దాకా కొలిచి, దారానికి ముడి వేశాడు. ఎన్నో ఏళ్లుగా నీడలో ఆరిన చింతచేవ మొద్దు ఒకటే ఉంటే అది తెచ్చి తిప్పాడు. చుక్కకి పక్కగా కన్నాలు తొలవడం అతను చేసింది ఆ ఒక్క గుండుకే. తక్కినవన్నీ తిన్నగా పోయే గుండ్లే. "మీ యమ్మకి సెప్పకురా" అని మాత్రం అన్నాడు. వాడు నవ్వాడు. వేళ్లు జారకుండా గుగ్గిలం పొడి రాసుకుని, ఆ గుండు పట్టుకుని, సరిగ్గా రెండు ఎండాకాలాలు ఆడాడు. తర్వాత బిస్సమ్ కటక్ సంతకి వెళ్లి, జ్వరంతో తిరిగివచ్చి, పోయాడు.

మళ్లీ ఎండలు ముదిరాయి. సన్యాసయ్య చిత్రిక పడుతుంటే గణపతిరావు వచ్చి నీడలో నిలబడ్డాడు. స్టోర్సు ఆఫీసరు, క్లబ్బుకి సెక్రటరీ కూడా. మనిషి మంచివాడే, కానీ మాట ఎక్కడ మొదలెట్టాలో తెలియదు.

"ఎండలు బాగా ఉన్నాయి సన్యాసయ్యా."

"ఉన్నాయి బాబూ."

"బెంటన్ దొరగారి గుండు ఎండకి నెర్రె విచ్చింది. ఆదివారం కోరాపుట్ వైపు నుంచి డ్యాము ఇంజనీర్లు పోటీకి వస్తున్నారు."

"ఆరిన సెక్క నేదు బాబూ. పచ్చిది తిప్పితే అదీ పగిలిపోతాది."

గణపతిరావు చెమట తుడుచుకున్నాడు. "మీవాడి గుండు ఉంది కదా. ఆ కన్నాలు పూడ్చి, దొరగారి చేతికి తొలిస్తే... వాడి గుండు లాగే ఒరగాలిట, కాకపోతే అవతలి వైపుకి. నీకేమైనా కష్టంగా ఉంటే చెప్పు."

సన్యాసయ్య కష్టంగా ఉందేమోనని చూసుకున్నాడు. ఏమీ లేదు. అటక మీది కుండల్లో చెయ్యి పెట్టిన అమ్మన్నమ్మ గుర్తొచ్చింది, గుర్తొచ్చి పోయింది. ఎలాగూ ఇంటికి రాలేని వస్తువు. అర మీద ఉంటేనేం, దొర చేతిలో ఉంటేనేం.

"నాకేటి కస్టం బాబూ" అన్నాడు.

బెంటన్ దొర కొలత ఇవ్వడానికి తనే వచ్చాడు. పెద్ద కుడిచెయ్యి, వెనకంతా ఎర్రటి నూగు. సన్యాసయ్య దారం పట్టి కొలుస్తున్నంతసేపూ దొర అతని మొహం చూడలేకపోయాడు. "జగ్గూ... గుడ్ బాయ్" అన్నాడు చివరికి. సన్యాసయ్య తల ఊపి దారానికి ముడి వేశాడు.

అలాంటి కన్నం పూడ్చేముందు లోపల ఆకురాయితో గీకి శుభ్రం చెయ్యాలి. లేకపోతే పాత జిడ్డు మీద ఏదీ అతకదు. అప్రెంటీసు పిల్లవాడికైనా తెలిసిన సంగతే అది. సన్యాసయ్య గీకలేదు. చింతచేవతోనే రెండు బిరడాలు తీశాడు. వడ్రంగి జిగురు కాచే ఓపిక లేక, పుట్టిన ఇంటి విద్య ప్రకారం లక్కకడ్డీ కాల్చి బిరడాలకు పూసి, వేడిగా ఉండగానే కన్నాల్లోకి దిగగొట్టాడు. పైన మిగిలింది కోసి, తరిమెన మీద నున్నగా తీశాడు. నల్లటి గుండు మీద రెండు సన్నటి ఎర్ర గీతలు, గాజుల్లా గుండ్రంగా మిగిలాయి. వేలితో తడిమితే ఎత్తుపల్లం తెలియలేదు. పని బాగా కుదిరింది. కుదిరిందన్న సంతోషం కూడా కలగలేదు.

తర్వాత గుండును తొట్టిలో వదిలాడు. అది తిరిగి తిరిగి నిలబడింది. జేగురు చుక్క పెట్టాడు. దొర దారం పక్కన పరిచి, చుక్కకి పక్కగా బరమా ఆనించి తొలిచాడు. ఏ పక్క అని ఆలోచించలేదు. చేతులకి తెలిసిన పనే అనిపించింది, చేతులకే వదిలేశాడు.

శనివారం సాయంత్రం దొర ఆ గుండు పట్టి చూశాడు. అప్పుడే నూనె రాసిన బాట. గుండు జారుకుంటూ తిన్నగా వెళ్లి సీసాల్ని ఎగరేసింది. మళ్లీ వేశాడు, మళ్లీ తిన్నగా వెళ్లింది. నూనె ఆరితే ఒరుగుతుందిలే అని చేత్తో చూపించి దొర సంతోషపడ్డాడు. సన్యాసయ్య "అవును దొరా" అని ఇంటికి వచ్చేశాడు.

ఆదివారం గణపతిరావు అతన్ని కూడా రమ్మన్నాడు. గుండుకి ఏమైనా అయితే పనిసంచితో దగ్గర ఉండాలని. ఆట వేసేవాళ్ల వెనక, గోడవారన బల్ల మీద కూర్చున్నాడు. బాట చివర సీసాలు నిలబెట్టడానికి వేరే మనిషి వచ్చాడు. ఆ మనిషి గుండు వస్తుంటే బెదిరి గోడకి అతుక్కుపోతున్నాడు. జగ్గారావు బెదిరేవాడు కాదు, సీసాల వెనక గట్టు మీద కాళ్లు ముడుచుకుని బీడీ కాల్చేవాడు. ఇది తలపుకొచ్చినా సన్యాసయ్యకు ఏమీ కాలేదు.

పొద్దున ఆట బాగానే సాగింది. దొరలు అరిచారు, చప్పట్లు కొట్టారు, సోడాలు తాగారు. పొద్దెక్కేసరికి పైన రేకులు కాలాయి, పలకలు నూనె తాగడం మొదలెట్టాయి. నడినెత్తికి ఎండ వచ్చేవేళకి బాట అవతలి సగం మెరుపు పోయి పొడిగా తెల్లబడింది. గెలుపు అటో ఇటో తేలే ఆట మొదలైంది. బెంటన్ దొర నాలుగడుగులు వేసి గుండు వదిలాడు.

సగం దాకా తిన్నగా పోయింది. అక్కడ క్షణం తటపటాయించినట్టయి, మెల్లిగా కుడికి ఒరిగింది.

కుడికి!

ఒరిగి ఒరిగి, అంచు సీసాని ఒకదాన్ని తాకి కాలువలో పడింది. కోరాపుట్ దొరలు నవ్వారు. బెంటన్ దొర తన చేతిని చూసుకున్నాడు. గుండు వెనక్కి వచ్చింది. మళ్లీ వేశాడు. మళ్లీ అదే చోట, అదే తటపటాయింపు, కుడికి. సందు మలుపు దగ్గర తెలిసినవాళ్లింటికి తిరిగినట్టు అలవాటుగా తిరిగింది.

సన్యాసయ్య ఆ మలుపును ఎన్ని సాయంత్రాలు చూశాడో! పని దిగి, కొడుకుని పిలుచుకుపోదామని వచ్చి, ఇదే బల్ల మీద కూర్చుని చూసేవాడు. గుండు అలా కుడికి తిరగగానే సీసాలు పడేదాకా కూడా ఆగకుండా వాడు వెనక్కి తిరిగేవాడు, "సూసేవా అయ్యా" అని. ఇప్పుడు గుండు తిరగగానే సన్యాసయ్య కళ్లు దానిని వదిలేసి, వేసినవాడు నిలబడే చోటుకి వాటంతటవే వెళ్లాయి. తన వైపు తిరగబోయే మొహం కోసం వెళ్లాయి.

అక్కడ దొర ఉన్నాడు.

కొడుకు చచ్చిపోయాడని సన్యాసయ్యకు అప్పుడు తెలిసింది. పాడె మోసినప్పుడు తెలియలేదు, తలకొరివి పెట్టినప్పుడు తెలియలేదు. రేకుల షెడ్డులో, దొరల అరుపుల మధ్య, మిట్టమధ్యాహ్నం తెలిసింది.  లేవబోయి మళ్లీ బల్ల మీదే కూలబడ్డాడు.

గణపతిరావు పరుగున వచ్చాడు. "ఇదేమిటయ్యా! అవతలి వైపుకి ఒరగాలని చెప్పానా లేదా? అందరి ముందూ పరువు తీశావు కదా!"

"సేతులు..." అన్నాడు సన్యాసయ్య. "సేతులు తొలిసీసేయి బాబూ. ఆడికే తొలిసీసేయి."

గణపతిరావుకి అర్థం కాలేదు. బెంటన్ దొర మాత్రం గుండును పైకెత్తి, ఎర్రటి గుండ్రాలనూ కొత్త కన్నాలనూ మార్చి మార్చి చూశాడు. ఆ మలుపు చేతిలో ఎన్నిసార్లు ఓడిపోయాడో అతనికీ గుర్తే. బల్ల దగ్గరికి వచ్చి గుండును సన్యాసయ్య ఒడిలో పెట్టాడు. ఏదో అని, వెళ్లి క్లబ్బు గుండు ఒకటి తీసుకున్నాడు.

"ఇంటికి తీసుకుపొమ్మంటున్నారు" అన్నాడు గణపతిరావు, గొంతు తగ్గించి.

"ఇంటికి తీసుకెల్లకూడదు బాబూ" అన్నాడు సన్యాసయ్య. అయినా లేచి, గుండు భుజం మీద పెట్టుకుని బయటికి నడిచాడు. ఆ ఆట ఎవరు గెలిచారో అతనికి తెలియదు.

తిన్నగా ఇంటికి వెళ్లలేదు. నాగావళి గట్టున చాలాసేపు కూర్చున్నాడు. నది ఎండిపోయి, రాళ్ల మధ్య చారలుగా పారుతోంది. అంత తక్కువ నీళ్లలో వేస్తే ఈ గుండు ఎక్కడికీ కొట్టుకుపోదు, అక్కడే పడి ఉంటుంది. పొద్దు వాలుతుంటే మళ్లీ భుజానికెత్తుకుని ఇంటి దారి పట్టాడు.

అమ్మన్నమ్మ వాకిట్లో పొయ్యి దగ్గర గంజి కాస్తోంది. అతను వాకిలి అంచునే ఆగిపోయాడు.

"అదేటి?"

"గుండు."

"ఎవులిది?"

"మనోడిది."

గరిటె ఆగిపోయింది. అమ్మన్నమ్మ లేచి, చెయ్యి చెంగుకి తుడుచుకుని, దగ్గరికి వచ్చింది. నదిలో పారెయ్యమంటుందని సన్యాసయ్య నిలబడ్డాడు. ఆమె రెండు చేతులూ చాపి గుండు అందుకుంది, బరువుకి ముందుకి తూలి, అక్కడే నేల మీద చతికిలబడి ఒళ్లో పెట్టుకుంది.

"ఆడు ఇదెలగ అట్టుకునీవోడు?" అంటూ కన్నాల్లో వేళ్లు పెట్టింది. వేళ్లు వదులుగా ఆడాయి. "ఆడి ఏల్లు ఇంత లావా?"

"అయ్యి దొరయి. ఆడియ్యి ఇయ్యి." ఎర్రటి గుండ్రాలు చూపించాడు.

ఆమె వాటి మీద వేలి కొసలు ఆనించింది. నున్నగా తగిలాయి. అంత నున్నగా తీసినందుకు సన్యాసయ్యకు తన చేతులు నరుక్కోవాలనిపించింది.

"మూసీసేవా?"

"మూసీసేను."

"ఎందుకూ?"

"అడిగేరు."

అమ్మన్నమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. గుండును ఇటూ అటూ తిప్పి, గోటితో ఎర్ర గీతను గిల్లింది.

"లక్కేనా?"

"లక్కే."

ఆమె కూడా బొమ్మలు చేసే ఇంటి కోడలే. లేచి అట్లకాడ పొయ్యిలో పెట్టి, ఎర్రబడ్డాక తీసుకొచ్చి బిరడా నడినెత్తిన ఆనించి పట్టుకుంది. చెక్క కమిలి పొగ వచ్చింది. అంచున లక్క మెత్తబడి మెరిసింది. సన్యాసయ్య అప్పటికి ఆమె పక్కన కూర్చుని తన పనిసంచి విప్పాడు. మరసూది బిరడాలోకి తిప్పి, మోకాళ్ల మధ్య గుండును బిగించి లాగాడు. మొదట రాలేదు. ఆమె మళ్లీ కాల్చింది, అతను మళ్లీ లాగాడు. వచ్చింది. రెండోదీ వచ్చింది.

గీకకుండా వదిలేసిన ఆ కన్నాల్లోంచి వెచ్చగా గుగ్గిలం వాసన లేచింది. దాని వెనకే చెమట వాసన. సాయంత్రం ఆట ముగించుకుని వచ్చి ఈ వాకిట్లో చొక్కా విప్పేటప్పటి వాసన. అమ్మన్నమ్మ మొహం దాని మీదికి వంచి అలాగే ఉండిపోయింది. సన్యాసయ్యకు ఏడుపు వచ్చింది. ఇన్నాళ్లు రానిది ఇప్పుడు ఆపుకుందామన్నా ఆగలేదు.

కాసేపటికి ఆమె తలెత్తి, చల్లారిన కన్నాల్లో కుడిచేతి వేళ్లు పెట్టబోయింది. వాటం కుదరలేదు. చెయ్యి తీసి ఎడమచెయ్యి పెట్టింది. బొటనవేలు దిగింది, నడిమివేలు బాగా సాగదీస్తే గాని అందలేదు. సాగదీసి దింపింది.

"ఇలగేనా?"

"అలగే."

ఆ చెయ్యి తియ్యకుండానే లేవబోయింది. లేవలేక, రెండో చేతితో అడుగున పట్టుకుని లేచింది. గడప దగ్గర సన్యాసయ్య అడ్డంగా నిలబడ్డాడు. అడ్డుపడాలని కాదు, నోటికి అలవాటైన మాట వచ్చింది.

"లోపలికి తీసుకెల్తే ఆడు దీనికోసం వచ్చెస్తాడంతారే."

"రానీ, జగ్గడి అయ్యా" అంది అమ్మన్నమ్మ.

అతను పక్కకి తప్పుకున్నాడు. ఆమె గుండు పట్టుకుని లోపలికి వెళ్లి, చొక్కా మేకు కింద, గోడవారగా, కన్నాలు పైకి ఉండేట్టు పెట్టింది. పొయ్యి మీద గంజి అడుగంటింది. ఇద్దరూ అదే పోసుకుని తాగారు.